వయసు పెంచకండి, తేదీ చెప్పండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులకు బహిరంగ లేఖ



రాష్ట్రం రెండయ్యాక ఇద్దరు ముఖ్యమంత్రులకు కలిపి ఎవరైనా ఉత్తరం రాస్తే అది కృష్ణా నీళ్ల గురించో, ఉమ్మడి ఆస్తుల పంపకం గురించో అయివుంటుంది. నేను రాస్తున్నది డిగ్రీ చేతికొచ్చిన మన పిల్లల గురించి. నీళ్లలో ఎవరికెన్ని టీఎంసీలో తేల్చడానికి ట్రిబ్యునళ్లు ఉన్నాయి. నోటిఫికేషన్ కోసం, పరీక్ష కోసం, ఫలితం కోసం, ఆ తర్వాత కోర్టు తీర్పు కోసం ఎదురుచూస్తూ ఈ పిల్లలు పోగొట్టుకుంటున్న ఏళ్లకు లెక్క తీసేవాళ్లు మాత్రం ఇటూ లేరు, అటూ లేరు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అర్థశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. ఒక దేశపు సంపదలో అన్నిటికన్నా త్వరగా ఖర్చయ్యేది, మళ్లీ సంపాదించుకోలేనిదీ యువకుల వయసేనని పాఠం చెప్పిన నోటితోనే ఈ మాట మీకు చెప్పాలనిపించింది.

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ సందులు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు మీకు తెలియనివి కావు. ఎన్నికల ముందు అన్ని పార్టీల నాయకులూ అక్కడికి వెళ్లినవారే. డీఎస్సీ అంటే కృష్ణా జిల్లా అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలంటే నంద్యాల. ఎక్కడైనా బతుకు ఒకటే. గదికి నలుగురు, స్టడీ హాల్లో నెలవారీగా అద్దెకు తీసుకున్న కుర్చీ, మధ్యాహ్నం 5 రూపాయల భోజనం, ఫోన్లో పాత ప్రశ్నపత్రాలు. ఇంటి నుంచి డబ్బు పంపేవాళ్లు కౌలు రైతులు, బీడీలు చుట్టే తల్లులు, ఆటో నడిపే అన్నలు. సంక్రాంతికో దసరాకో ఊరెళ్తే "ఇంకా ఏం చేస్తున్నవ్ బిడ్డా" అని అడుగుతారని పండక్కి కూడా వెళ్లకుండా హాస్టల్లోనే ఉండిపోయే పిల్లలు ఉన్నారు. అడిగేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. జవాబు లేకపోవడమే ఆ పిల్లల బాధ.

వీళ్లు ఎంతమందో ఒక్క పరీక్ష చెబుతుంది. తెలంగాణలో 2022 డిసెంబరులో గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది. 8 వేల పైచిలుకు పోస్టులకు దాదాపు 9.5 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఒక్కో కుర్చీకి వందమందికి పైగా. పరీక్ష 2023 జులై 1న జరిగితే తుది ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. నోటిఫికేషన్ నుంచి ఫలితానికి రెండేళ్లు. ఎంపికైన 8 వేల మంది సంగతి అలా ఉంచుదాం, వాళ్లకు ఆ రెండేళ్లు చివరికి కలిసొచ్చాయి. మిగిలిన 9 లక్షల 40 వేల మందికి 'నీకు రాలేదు' అని చెప్పడానికి కూడా ప్రభుత్వం రెండేళ్లు తీసుకుంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. ఉద్యోగం అందరికీ ఇవ్వలేరు, ఎవరూ ఇవ్వలేరు. కానీ ఇస్తారో ఇవ్వరో త్వరగా చెప్పడం మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉన్న పని. రాదని ఇరవై నాలుగేళ్లప్పుడు తెలిసిన పిల్లవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు. ముప్పై నాలుగేళ్లకు తెలిసినవాడికి వెతకడానికి దారులు మిగలవు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో భారత ఉపాధి నివేదిక వెలువరించాయి. 2022లో దేశంలోని మొత్తం నిరుద్యోగుల్లో 83 శాతం యువతేనని అందులో తేలింది. చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం ఉంటే, పట్టభద్రుల్లో 29.1 శాతం. నిరుద్యోగుల్లో సెకండరీ, ఆ పైన చదివిన యువత వాటా 2000లో 54.2 శాతం ఉండేది, 2022 నాటికి 65.7 శాతానికి పెరిగింది. చదువుకోని పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు, ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు. చదివించిన తల్లిదండ్రులు మాత్రం పస్తులుండైనా ఇంకో రెండేళ్లు ఆగుదామంటారు. కాబట్టి పట్టభద్రుల్లో కనిపించే నిరుద్యోగంలో పెద్ద భాగం నిరీక్షణే. దాని ఖర్చును ఏ బడ్జెట్టూ చూపదు. అది తల్లి మెడలోని పుస్తెల తాడు కుదువ పెట్టిన దుకాణంలో రాసి ఉంటుంది.

ఇక గ్రూప్-1 సంగతి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వెలువడింది. అంతకుముందు గ్రూప్-1 ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిందే. 3.8 లక్షల మంది దరఖాస్తు పెట్టారు. 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. వేలిముద్రలు తీసుకోలేదన్న అభ్యంతరం మీద సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. 2025 సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం ఫలితాలను కొట్టివేసింది. అదే నెలలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును నిలిపివేసింది. నెలాఖరులో నియామక పత్రాలు ఇచ్చారు. ఒకే ఉద్యోగానికి మూడుసార్లు ప్రిలిమ్స్ రాయడమంటే మనసు ఎలా నలుగుతుందో పరీక్ష నడిపినవారెవరూ ఊహించినట్టు లేరు. వేలిముద్ర తీసుకోకపోవడం పిల్లల తప్పు కాదు. శిక్ష మాత్రం వాళ్లకే పడింది.

ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరేమీ కాదు. 2018 సంవత్సరం చివరి రోజున వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌కు తుది ఫలితాలు 2022లో వచ్చాయి. జవాబుపత్రాలను ఎలా దిద్దారన్న వివాదం మీద 2024 మార్చిలో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ మెయిన్స్‌నే రద్దు చేస్తూ తీర్పిచ్చింది. అప్పటికే ఉద్యోగాల్లో చేరినవారు అప్పీలుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. 2025 ఫిబ్రవరిలో గ్రూప్-2 మెయిన్స్ జరిగే ముందు రోజు వరకూ రోస్టర్ మీద అభ్యర్థులు రోడ్ల మీదే ఉన్నారు. పరీక్ష ఉందో లేదో తెలియకుండానే రాత్రంతా చదివి తెల్లవారి కేంద్రాలకు వెళ్లారు. ఇవన్నీ ఏ పార్టీ హయాంలో జరిగాయన్నది నేను ఎత్తడం లేదు. ఇరువైపులా అధికారం చేతులు మారింది, పద్ధతి మారలేదు.

అయితే మీరు చేయలేరని నేను అనను. చేయగలరని మీరే చూపించారు. తెలంగాణలో 11,062 ఉపాధ్యాయ పోస్టులకు 2024 ఫిబ్రవరి 29న నోటిఫికేషన్ ఇచ్చి అక్టోబరు 9న 10 వేల మందికి పైగా నియామక పత్రాలు అందించారు. ఏడున్నర నెలలు కూడా పట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది, సెప్టెంబరు 25న పత్రాలు చేతికందాయి. అయిదు నెలలు. లక్షల మంది రాసిన పరీక్షలవి. కేసులు లేకా కాదు, చిక్కులు రాకా కాదు. ప్రభుత్వం పట్టుబట్టింది కాబట్టి అయ్యాయి. ఈ రెండు పనులకూ మీ ఇద్దరినీ మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. కానీ ఆ డీఎస్సీలు ఎన్నేళ్ల తర్వాత వచ్చాయో కూడా గుర్తుచేయాలి. తెలంగాణలో అంతకుముందు నియామకాలు 2017 నోటిఫికేషన్‌వి, ఆంధ్రప్రదేశ్‌లో 2018వి. అయిదు నెలల్లో పూర్తయ్యే పని కోసం ఏడేళ్లు కూర్చోబెట్టాం. ఆ ఏడేళ్లలో బీఈడీ, డీఎడ్ పూర్తిచేసినవాళ్లంతా ఒకేసారి వరసలో నిలబడ్డారు. ఏటా కొన్ని పోస్టుల చొప్పున భర్తీ చేసివుంటే రానివాళ్లు ఏటా కొందరు తప్పుకుని ఇంకేదో చూసుకునేవారు, బడుల్లో పిల్లలకు ఏటా పంతుళ్లు వచ్చేవారు.

నోటిఫికేషన్ ఆలస్యమైన ప్రతిసారీ ప్రభుత్వాలు చేసే ఒక పని ఉంది. గరిష్ఠ వయోపరిమితి పెంచడం. తెలంగాణలో 34గా ఉన్న పరిమితిని 2022లో 44 చేశారు, 2024లో 46 చేశారు. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీకి 42 నుంచి 44కు పెంచింది. అడిగినవాళ్లు అభ్యర్థులే, ఇచ్చినవాళ్లు దయతోనే ఇచ్చారు. నోటిఫికేషన్లు రాని ఏళ్లకు పరిహారంగా అది న్యాయమే, ఆ తరానికి ఇవ్వాల్సిందే. కానీ దాన్ని అలవాటు చేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. వయసు పెంచిన ప్రతిసారీ ఇంకో రెండేళ్లు ఆగమని ప్రభుత్వమే రాతపూర్వకంగా చెబుతోంది. నలభై దాటిన మనిషి, పెళ్లయి పిల్లలున్న మనిషి, పాతికేళ్ల కుర్రవాడి పక్కన కూర్చుని కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టడం చూశాను. ఆయన్ను తప్పుపట్టను. 'ఇంకా అవకాశం ఉంది' అని ఆయనకు చెబుతూ వచ్చిన మనల్ని తప్పుపడతాను. ఆలస్యం మనది, వయసు వాళ్లది. ముందు ఆలస్యాన్ని ఆపండి, వయసు పెంచాల్సిన అవసరం దానంతటదే పోతుంది.

ఆశ ఉన్నన్నాళ్లూ మనుషులు వరసలోంచి కదలరు అనడానికి పక్క రాష్ట్రమే సాక్ష్యం. తమిళనాడులో 2001 నుంచి 2006 వరకు చాలా శాఖల్లో ప్రభుత్వ నియామకాలు నిలిపేశారు. ఉద్యోగాలు లేవని తెలిసి కుర్రవాళ్లు ప్రైవేటు పనులకు పోయి ఉంటారని ఎవరైనా అనుకుంటారు. కునాల్ మంగళ్ అనే ఆర్థికవేత్త ఆ కాలాన్ని లోతుగా పరిశీలించారు. జరిగింది తలకిందులు. చదువుకున్న మగపిల్లలు ఇంకా ఎక్కువకాలం పరీక్షలకు తయారవుతూనే కూర్చున్నారు. ఆ తర్వాతి కాలంలో కూడా వాళ్ల సంపాదన మిగతావాళ్లకన్నా వెనకబడింది. గదిలో గడిపిన ఏళ్లకు బయటి పనిలో ఎవరూ విలువ కట్టలేదు.

ఈజిప్టు అనుభవం ఇంకా పెద్దది. 1960లలో ఆ దేశం పట్టా పుచ్చుకున్న ప్రతివారికీ ప్రభుత్వ ఉద్యోగం ఇస్తానని చట్టపరంగా హామీ ఇచ్చింది. మంచి ఉద్దేశమే. పట్టభద్రులు పెరిగారు, ఖజానా పెరగలేదు. హామీని రద్దు చేసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేక, ఉద్యోగం ఇచ్చే గడువును జరుపుతూ పోయారు. చివరికి పట్టా వచ్చాక పదేళ్లకు పైగా వేచి ఉండాల్సిన స్థితి వచ్చింది. బంగ్లాదేశ్‌లో 2024 వేసవిలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటాను కోర్టు పునరుద్ధరించడంతో మొదలైన విద్యార్థుల ఆందోళన ఆగస్టు 5 నాటికి ప్రధానమంత్రి దేశం విడిచి వెళ్లడంతో ముగిసింది. మధ్యలో వందల మంది ప్రాణాలు పోయాయి. దుస్తుల ఎగుమతిలో ప్రపంచంలో ముందువరసలో ఉన్న దేశమది. ఫ్యాక్టరీలు ఉన్నాయి, పట్టభద్రులు కోరుకున్న పని వాటిలో లేదు.

మన దగ్గర కొందరు పెద్దలు ఇది 'ప్రభుత్వ ఉద్యోగం మోజు' అని తేలిగ్గా తీసిపారేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. లెక్క తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. తెలంగాణలో 2020 వేతన సవరణ ప్రకారం జూనియర్ అసిస్టెంట్ మూలవేతనం 24,280 రూపాయలతో మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దాని మీద. జీతం నెలనెలా వస్తుంది, సెలవు పెడితే పని పోదు, జబ్బుచేస్తే వైద్యం ఉంది. అదే పిల్లవాడు డిగ్రీతో హైదరాబాద్‌లో షోరూముకో, కాల్ సెంటర్‌కో, గోదాముకో వెళ్తే 12 వేలో 15 వేలో ఇస్తామంటారు. రోజుకు పది పన్నెండు గంటలు నిలబడాలి. పీఎఫ్ కోస్తారు, కట్టారో లేదో తెలియదు. గది అద్దె పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. ఇంత తేడా ఉన్నప్పుడు వందలో ఒక అవకాశం కోసం ఎదురుచూడటం తెలివితక్కువతనం ఎలా అవుతుంది? కనీస వేతనాలను అయిదేళ్లు దాటకుండా సవరించాలని 1948 నాటి చట్టమే చెప్పింది. తెలంగాణ ఏర్పడ్డాక చాలా రంగాల్లో ఆ సవరణ అమలులోకే రాలేదు. ఇప్పుడు కొత్త వేతన కోడ్ వచ్చింది కదా, దాని కింద తొలి అడుగుగా ఆ పని చేయండి. ప్రైవేటు పని కాస్త గౌరవంగా ఉంటే స్టడీ హాళ్లు వాటంతటవే సగం ఖాళీ అవుతాయి.

నేను అడిగే మొదటి కోరిక నియామకాల గురించే. జాబ్ క్యాలెండర్ అనే మాట ఇప్పుడు ఇరు రాష్ట్రాల్లోనూ అందరి నోటా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 ఆగస్టు 2న శాసనసభలోనే ఒకటి ప్రకటించింది. ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు అంతకు ముందు రోజే వచ్చింది, అది అమలయ్యేదాకా కొత్త నోటిఫికేషన్లు ఆపడం న్యాయమే. తరతరాలుగా వెనకబడిన కులాలకు వాటా తేలకముందే పోస్టులు నింపడం తప్పయ్యేది. కానీ ఆగినప్పుడు పాత తేదీకి బదులు కొత్త తేదీ చెప్పాలి. అది చెప్పకపోతే క్యాలెండర్ గోడకు వేలాడే కాగితమే. అందుకని దానికి చట్టబద్ధత కల్పించండి. ఏ శాఖ అయినా రానున్న ఏడాది ఖాళీలను ఫలానా తేదీలోగా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు పంపాలి, పంపకపోతే శాఖాధిపతి జవాబు చెప్పాలి. రోస్టర్, స్థానికత, రిజర్వేషన్, జవాబుపత్రం దిద్దే పద్ధతి, వీటి మీద నిబంధనలన్నీ నోటిఫికేషన్‌కు ముందే తేల్చి ప్రజల ముందుంచాలి, అభ్యంతరాలు అప్పుడే వినాలి. పరీక్ష అయ్యాక నిబంధన మార్చే అధికారం ఎవరికీ ఉండకూడదు. నోటిఫికేషన్ నుంచి నియామకానికి పన్నెండు నెలలు మించకూడదు. నియామక వివాదాలకు ప్రత్యేక ధర్మాసనం కేటాయించమని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులను మీరు కోరవచ్చు.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. యూపీఎస్సీ మరుసటి ఏడాది పరీక్షల తేదీలన్నీ ముందే ప్రకటిస్తుంది. వాటిని సాధారణంగా తప్పదు. అందుకే సివిల్స్ రాసే పిల్లవాడికి తన బతుకులో ఏ నెల దేనికో తెలుసు. కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష పెట్టి ర్యాంకు జాబితా తయారుచేస్తుంది. ఆ జాబితా మూడేళ్ల వరకు చెల్లుతుంది. ఈలోగా వచ్చిన ఖాళీలను అందులోంచే నింపుతారు, ప్రతి ఖాళీకీ కొత్త పరీక్ష అక్కర్లేదు. అక్కడా లోపాలున్నాయి. గడువు తీరుతున్న జాబితాల్లోని అభ్యర్థులు 2021లో తిరువనంతపురం సచివాలయం ముందు ధర్నాలు చేశారు. అయినా తన పేరు జాబితాలో ఎన్నోదో, గడువు ఎప్పుడు తీరుతుందో అక్కడి పిల్లవాడికి తెలుసు. మన పిల్లవాడికి అదే తెలియదు.

దానితోపాటు ఇంకొకటి. ప్రతి నియామకం పూర్తయ్యాక ఎంతమంది రాశారు, ఎంపికైనవారి వయసు ఎంత, అది వారికి ఎన్నో ప్రయత్నం, ఏ జిల్లా, ఎంతమంది ఆడపిల్లలు అన్న వివరాలు కమిషన్లే ప్రచురించాలి. ఇప్పుడు ఆ సమాచారం కోచింగ్ సెంటర్ల హోర్డింగుల మీద ఫొటోలుగా మాత్రమే దొరుకుతోంది. గెలిచినవాళ్ల ఫొటోలు చూసి లక్షల ఇళ్లల్లో అప్పులు చేస్తున్నారు. నిజమైన అంచనా ముందుంటే ఎన్నేళ్లు ప్రయత్నించాలో ఎప్పుడు ఆపాలో ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోగలుగుతారు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మగపిల్లవాడికి ఇల్లు పదేళ్లు ఇస్తుంది. ఆడపిల్లకు ఇచ్చేది రెండేళ్లు, మహా అయితే మూడు. ఆ తర్వాత సంబంధాలు చూస్తారు. అంటే నోటిఫికేషన్ రెండేళ్లు ఆలస్యమైతే అబ్బాయి రెండేళ్లు పోగొట్టుకుంటాడు, అమ్మాయి మొత్తం అవకాశమే పోగొట్టుకుంటుంది. ఆలస్యానికి ఆడా మగా తేడా ఉందని ఏ ఫైలులోనూ రాసి ఉండదు, కానీ ఆలస్యం ముందుగా కాటేసేది ఆడపిల్లనే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. కొందరు దాన్ని వృథా ఖర్చు అంటారు, నేను అనను. ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పనికి రోజూ వెళ్లిరావడం దానివల్ల సాధ్యమైంది. ఇప్పుడు ఆ బస్సు దిగేచోట పని ఉండాలి. జిల్లా కేంద్రాల్లో ఉద్యోగినుల హాస్టళ్లు, రాత్రి షిఫ్టు ముగిశాక ఇంటికి చేర్చే వాహనం, పారిశ్రామిక వాడల్లో శిశు సంరక్షణ కేంద్రం. ఆ బస్సుకు పెట్టిన డబ్బు పూర్తిగా దక్కేది అప్పుడే.

ఇక ఆ వందలో తొంభైతొమ్మిది మంది. వాళ్ల కోసం కొత్త పథకం పెట్టమని అడగను, ఉన్న చట్టాన్ని నడపమంటాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం, దాని కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మందికి తగ్గకుండా పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. వాళ్లకు స్టైపెండ్ ఇవ్వాలి, అందులో కొంత కేంద్రం భరిస్తుంది. జీడిమెట్ల, పటాన్‌చెరు, చర్లపల్లి, విశాఖ, శ్రీసిటీ, ఇక్కడ ఎన్ని వేల సంస్థలున్నాయి! చట్టం మాట వినని సంస్థకు జరిమానా ఎంతో తెలుసా? తీసుకోని ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తర్వాత నెలకు 1,000. పట్టభద్రుడికి ఇవ్వాల్సిన కనీస స్టైపెండే 2019 నిబంధనల్లో 9,000 రూపాయలు. జరిమానా కట్టడమే చవక అయినప్పుడు చట్టాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆ జరిమానా కూడా వసూలు చేసిన దాఖలా మా జిల్లాలో నేను వినలేదు. దాన్ని మార్చమని కేంద్రాన్ని ఇద్దరూ కలిసి అడగండి. ఈలోగా మీ చేతిలో ఉన్నది చేయండి. ప్రభుత్వ కార్పొరేషన్లు, విద్యుత్ సంస్థలు, పురపాలక సంఘాలు, ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే కంపెనీలు ముందుగా తమ కోటా నింపాలి. అప్రెంటిస్‌లను తీసుకోని కంపెనీకి రాయితీ ఇవ్వనని ఒక్క జీవో ఇస్తే పారిశ్రామిక వాడల్లో ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు.

ఐటీఐల మీద ఇప్పుడు డబ్బు పెడుతున్నారు, సంతోషం. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లిలో మొదలైంది. కేంద్రం 2025 మేలో దేశవ్యాప్తంగా 1,000 ఐటీఐల ఉన్నతీకరణకు 60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. కొత్త యంత్రాలు రావాలి. వాటిని నేర్పే బోధకులు కూడా శాశ్వత ఉద్యోగులై ఉండాలి. గంటలెక్కన జీతమిచ్చే గెస్ట్ బోధకుడి మీద లక్షల రూపాయల యంత్రం ఆధారపడి ఉంటే అది గుడ్డ కప్పుకునే ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌ను ఒక్కసారి చూడండి. లారీ బాడీ కట్టే మేస్త్రీ దగ్గర పద్నాలుగు పదిహేనేళ్లకే చేరి, పదేళ్లలో వెల్డింగు, పెయింటింగు, ఇంజిన్ పని నేర్చి చేయి తిరిగినవాళ్లు అక్కడ ఎందరో. వాళ్ల చేతికి ఒక్క సర్టిఫికెట్ లేదు, అందువల్ల కంపెనీ గేటు దాటలేరు, బ్యాంకు అప్పు దొరకదు, విదేశానికి వెళ్లినా కూలీ కిందే లెక్క. నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే విధానం కేంద్ర నైపుణ్య పథకాల్లో ఉంది. దాన్ని ఆటోనగర్లకు, మగ్గాల ఊళ్లకు, మెకానిక్ షెడ్లకు తీసుకెళ్లండి. ఆ మేస్త్రీలనే గురువులుగా గుర్తించి గౌరవ వేతనం ఇవ్వండి. అలాంటి గురువు దగ్గర డిగ్రీ పిల్లవాడు చేరడానికి నామోషీ పడడు.

ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని దేశంలో మొదటిసారిగా చట్టం చేసింది. హర్యానా అలాంటిదే చేస్తే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టు మాట ఎలా ఉన్నా, పని నేర్పకుండా కోటా ఇస్తే కంపెనీ స్థానికుల్ని సెక్యూరిటీ గార్డులుగా చూపించి లెక్క సరిపెడుతుంది.

ఓపిక అయిపోయినవాళ్ల సంగతి కూడా మీకు తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఛేదించిన కేసు మరచిపోకండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి కంబోడియా తీసుకెళ్లారు, అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతికి అప్పగించారు. వెళ్లినవాళ్లు చదువురాని వాళ్లు కారు, కంప్యూటర్ తెలిసినవాళ్లే. ఇక్కడ ఒక పని, ఒక తేదీ కనిపించివుంటే ఆ ఏజెంటు మాట వినేవాళ్లా? విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. వాటి పేరు మండలంలో ఎవరికీ తెలియదు, ఏజెంటు ఫోన్ నంబరు మాత్రం ప్రతి పాన్‌షాపులో దొరుకుతుంది. ప్రతి మండల కార్యాలయంలోనూ ఆ సంస్థల మనిషి ఒకరు కూర్చోవాలి.

అయ్యా, ఎన్నికలప్పుడు లక్షల ఉద్యోగాలని ఇద్దరూ మాటిచ్చారు. తెలంగాణలో 2 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 20 లక్షలు. ఆ సంఖ్య ఎంతవరకు వచ్చిందని నిలదీసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆ పని చేయను. సంఖ్య మీ ఒక్కరి చేతుల్లో ఉండదు. వానలు, పెట్టుబడులు, ప్రపంచ మార్కెట్లు దాన్ని అటూఇటూ చేస్తాయి. తేదీ మాత్రం మీ చేతుల్లోనే ఉంటుంది. వచ్చే శాసనసభ సమావేశాల్లో నియామక క్యాలెండర్‌కు చట్టరూపం ఇచ్చే బిల్లు పెట్టండి. ప్రతిపక్షాలు కూడా మద్దతివ్వక తప్పదు, ఎందుకంటే వాళ్ల హయాంలో ఎదురుచూసిన పిల్లలే ఇప్పుడూ ఎదురుచూస్తున్నారు. ఇద్దరిలో ఎవరు ముందు పెడితే రెండోవారు వెనకే పెట్టాల్సి వస్తుంది. మీలో ఎవరైనా ముందడుగు వేయండి, ఈ ఏడాదిలోనే వేయండి.

భవదీయుడు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు